కళ్ళు తిరగడం, గుండెదడ: తెలుసుకోవలసిన విషయాలు

వేసవిలో గంజాం జిల్లా పల్లెలలోను, బరంపురం పట్టణంలోను తరచుగా వినిపించే బాధలు రెండు: కళ్ళు తిరగడం, గుండెదడ. ఇవి స్వయంగా వ్యాధులు కావు. శరీరంలోని ఏదో లోపానికి సూచనలు. చాలా సందర్భాలలో ఆ లోపం స్వల్పమైనదే. కొన్నిసార్లు మాత్రం ప్రాణాంతకం కావచ్చును. 1998 వేసవిలో ఒడిశాలో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా మరణించారు.

కారణాలు

మనిషి లేచి నిలబడగానే రక్తం కొంత కాళ్ళలోకి దిగుతుంది. వెంటనే రక్తనాళాలు సంకోచించి, గుండె వేగం పెరిగి, మెదడుకు రక్తం అందుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ సర్దుబాటు చాలదు. కళ్ళకు చీకట్లు కమ్ముతాయి, గుండె దడదడలాడుతుంది. అందుకే ఈ రెండూ తరచుగా జంటగా కనిపిస్తాయి. నిలబడిన 3 నిమిషాలలోగా పై రక్తపోటు 20 లేదా కింది రక్తపోటు 10 తగ్గితే దానిని లోపంగా పరిగణిస్తారు. రక్తపోటు మాత్రలు వాడే వృద్ధులలో ఇది ఎక్కువ.

రక్తహీనత మరొక ముఖ్య కారణం. హిమోగ్లోబిన్ స్త్రీలలో 12 గ్రాములకు, గర్భిణులలో 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. చక్కెర వ్యాధికి మందులు వాడుతూ భోజనం మానడం, థైరాయిడ్ దోషం, ఆందోళన, మితిమీరిన టీ కూడా దడకు దారితీస్తాయి. గుండె లయ తప్పడం వీటన్నిటికంటె గమనింపదగినది. ఒక రకం లయదోషంలో గుండెలో రక్తం గడ్డకట్టి, మెదడుకు చేరి పక్షవాతం కలిగించవచ్చు.

వైద్యునికి చెప్పవలసిన తీరు

తెలుగులో “కళ్ళు తిరుగుతున్నాయి” అనే ఒక్క మాటకు రెండు అర్థాలున్నాయి. పరిసరాలు గిర్రున తిరిగినట్లుండడం ఒకటి. అది తరచుగా చెవిలోని దోషం. చీకట్లు కమ్మి పడిపోబోవడం రెండవది. అది రక్తప్రసరణకు సంబంధించినది. ఒడియా వైద్యునితో మొదటిదానిని “ముండ బులాఉఛి” అని, రెండవదానిని “ఆఖి ఆగరే అంధార దిశుఛి” అని, దడను “ఛాతి ధడధడ హేఉఛి” అని వేరువేరుగా చెప్పడం మేలు. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, ఏ మందులు వాడుతున్నారు అన్నవి కూడా తెలపాలి.

తక్షణ కర్తవ్యం

రోగిని నీడలో వెల్లకిల పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి. స్పృహ ఉంటే లీటరు నీటిలో ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. మన తరవాణి, ఒడియావారి తొరాణి కూడా దాహానికి మంచివే. అయితే రక్తపోటు, గుండె, మూత్రపిండాల రోగులు ఉప్పు విషయంలో వైద్యుని సలహా పాటించాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు. మణికట్టు వద్ద నాడిని పూర్తి నిమిషం లెక్కించాలి. విశ్రాంతిలో పెద్దలకు 60 నుండి 100 వరకు సహజం.

ఆలస్యం కూడని లక్షణాలు

స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, ఆయాసం, శ్రమ చేస్తుండగా దడ, మాట తడబడడం, ఒకవైపు కాలుచేతులు పట్టుతప్పడం, ఒళ్ళు కాలిపోతూ మతి తప్పి మాట్లాడడం, కుటుంబంలో చిన్నవయసు ఆకస్మిక మరణాలు ఉండడం. వీటిలో ఏది ఉన్నా “ఎండదెబ్బే” అని ఊరుకోరాదు. వెంటనే 108కు ఫోను చేయాలి. 1962లో స్థాపించిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి బరంపురంలోనే ఉంది. ఇ.సి.జి. పరీక్ష కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. దడ వచ్చిపోతూ ఉంటే 24 గంటలపాటు లయను నమోదుచేసే పరీక్ష అవసరం కావచ్చును.