థీమ్ పార్కులు చాలు, ఇక ఆనకట్ట చూపిద్దాం

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు సెలవులకి ఎక్కడికెళ్ళాలన్నది పెద్ద సమస్యే కాదు. మిక్కీ మౌస్ ఉన్నచోటికి తీసుకెళ్తే చాలు, నాలుగు రోజులు గడిచిపోతాయి, క్రెడిట్ కార్డు బిల్లు మాత్రం నాలుగు నెలలు నడుస్తుంది. అసలు చిక్కు వాళ్ళకి పదహారు, పదిహేడు వచ్చాక మొదలవుతుంది. రైడ్ కోసం గంటన్నర క్యూలో నిలబెడితే ఫోన్లోంచి తల ఎత్తరు. ఇంకో ఏడాదో రెండేళ్ళో అయితే కాలేజీకి వెళ్ళిపోతారు, ఆ తర్వాత మనతో కలిసి సెలవులకి వస్తారన్న నమ్మకం లేదు. ఉన్న ఆ ఒకటి రెండు వేసవులు ఏం చేయాలి?

నా అభిప్రాయం ఇది. ఆ వయసు పిల్లలకి అన్నిటికన్నా ఇష్టమైన ఆట వాదన. మనం ఏం చెప్పినా "ఎందుకు?" అంటారు, "అదెలా న్యాయం?" అంటారు. ఇంట్లో అది మనకి తలనొప్పి. కానీ దాన్నే సెలవుల్లో వాడుకోవచ్చు. ఇంకా తెగని వాదన ఒకటి ఉన్న చోటికి తీసుకెళ్తే సరి. అలాంటి చోట్లలో నాకు తెలిసి మొదటిది కాలిఫోర్నియాలో, మన వాళ్ళు వేలమంది ఉండే బే ఏరియాకి నాలుగైదు గంటల దూరంలోనే ఉంది. పేరు హెచ్ హెచ్చీ.

యోసెమిటీ నేషనల్ పార్కుకి వెళ్ళని తెలుగు కుటుంబం బే ఏరియాలో దాదాపు ఉండదు. టన్నెల్ వ్యూ దగ్గర ఫోటో, కింద లోయలో చెట్టుకింద పులిహోర, జలపాతం దగ్గర ఇంకో ఫోటో, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. అదే పార్కులో వాయవ్య మూలన ఇంకో లోయ ఉందని, దాన్ని చూసినవాళ్ళు యోసెమిటీకి తమ్ముడు అనేవారని, ఇప్పుడది నీళ్ళకింద ఉందని చాలామందికి తెలియదు. సన్నీవేల్, మౌంటెన్ వ్యూ, మిల్పిటాస్, ఫ్రీమాంట్ లాంటి ఊళ్ళలో పూర్తిగానో కొంతగానో కుళాయిల్లో వచ్చేది ఆ నీళ్ళే. అంటే వీళ్ళంతా రోజూ తాగుతున్న నీళ్ళ వెనక కథ ఇది.

కథ మొదట్నుంచి చెప్పుకుందాం.

1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికింది. జనం ఎగబడ్డారు. అప్పటికి యోసెమిటీ లోయలో ఉన్నది అహ్వానీచీ అనే తెగ. గనుల వాళ్ళకీ స్థానిక తెగలకీ గొడవలు ముదిరాక, మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం 1851 మార్చిలో ఆ లోయలోకి దిగింది. ఊళ్ళు తగలబెట్టారు, తిండిగింజలు తగలబెట్టారు, మనుషుల్ని తరిమారు. తెగ పెద్ద టెనాయా కొడుకుల్లో ఒకణ్ణి చంపారు. ఆ దళంలోనే ఉన్న డాక్టర్ బన్నెల్ తర్వాత పుస్తకం రాస్తూ ఒక సంగతి చెప్పాడు. పైన ఉన్న సరస్సుకి నీ పేరే పెడుతున్నాం అని ఆయన టెనాయాతో సంబరంగా చెప్తే, దానికి ముందే పేరుంది కదా అన్నాడట టెనాయా. ఇప్పుడు మనం కారు ఆపి ఫోటో దిగే టెనాయా లేక్ అదే. ఊరు లాక్కుని, పేరు బహుమతిగా ఇవ్వడమన్నమాట!

1855లో హచింగ్స్ అనే పత్రికాయన మొదటి పర్యాటకుల బృందాన్ని తీసుకొచ్చాడు. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ ఇక్కడ తీసిన పెద్ద పెద్ద ఫోటోలు తూర్పు తీరానికి చేరాయి. 1864 జూన్ 30న, అంతర్యుద్ధం జోరుగా నడుస్తుండగా, లింకన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. యోసెమిటీ లోయ, మారిపోసా గ్రోవ్‌లోని మహావృక్షాలు ప్రజల విహారం కోసం ఎప్పటికీ ఉండిపోవాలని వాటిని కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించాడు. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు అయింది 1872లో. అంటే ఈ ఆలోచనకి బీటా వెర్షన్ యోసెమిటీదే.

ఇక జాన్ మ్యూర్. ఈయన సంగతి మన ఐటీ జనానికి భలే నచ్చుతుంది. స్కాట్లండ్‌లో 1838లో పుట్టాడు, చిన్నప్పుడే అమెరికా వచ్చాడు. యంత్రాలంటే పిచ్చి. ఇండియానాపోలిస్‌లో బండి చక్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో చేరి, పని ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ వృథా అవుతోందో లెక్కలు కట్టి పెట్టేవాడు. ఇప్పటి మాటల్లో ప్రాసెస్ ఆప్టిమైజేషన్. 1867లో పనిచేస్తుండగా ఆకురాయి జారి కంట్లో గుచ్చుకుంది. కొన్నాళ్ళు రెండు కళ్ళూ కనపడలేదు. చూపు తిరిగొచ్చాక ఉద్యోగం వదిలేసి నడక మొదలెట్టాడు. 1868లో యోసెమిటీ చేరాడు. గొర్రెలు కాశాడు, హచింగ్స్ దగ్గర రంపపు మిల్లు నడిపాడు, కొండలన్నీ ఎక్కాడు, రాయడం మొదలుపెట్టాడు. ఆయన రాతల వల్ల, సెంచురీ పత్రిక ఎడిటర్ జాన్సన్ పట్టుదల వల్ల 1890లో లోయ చుట్టూ ఉన్న పెద్ద ప్రాంతమంతా నేషనల్ పార్కు అయింది. హెచ్ హెచ్చీ కూడా అందులోకే వచ్చింది. 1892లో మ్యూర్, స్నేహితులు కలిసి సియెర్రా క్లబ్ పెట్టారు. 1903లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ వచ్చి మ్యూర్‌తో మూడు రాత్రులు అడవిలో పడుకున్నాడు. 1906లో యోసెమిటీ లోయ కూడా మళ్ళీ కేంద్రం చేతికి వచ్చింది.

ఇంతవరకు హీరో కథే. అయితే పిల్లలకి ఇక్కడే ఆపేయకండి. మ్యూర్ మెచ్చుకున్న ఆ పచ్చిక బయళ్ళు వాటంతటవే అలా లేవు. అహ్వానీచీలు ఏళ్ళ తరబడి పద్ధతి ప్రకారం చిన్న మంటలు పెట్టి, పొదలు పెరగకుండా, ఓక్ చెట్ల గింజలు బాగా కాసేలా చూసుకున్నారు. మనిషి చెయ్యి పడని అడవి అని అందరూ అనుకున్నది నిజానికి తరిమేసిన వాళ్ళ తోట. మ్యూర్ స్థానిక తెగల గురించి, నల్లవాళ్ళ గురించి చులకనగా రాసిన మాటలున్నాయని ఆయన పెట్టిన సియెర్రా క్లబ్బే 2020లో బాహాటంగా ఒప్పుకుంది. మరోపక్క అదే పార్కుని 1899, 1903, 1904లో కాపలా కాసినవాళ్ళలో నల్లజాతి సైనికులున్నారు. మంచీ చెడూ ఇలా కలిసిపోయి ఉంటే పదహారేళ్ళ బుర్ర ఊరుకోదు. మనకి కావాల్సిందీ అదే.

ఇప్పుడు అసలు గొడవ. శాన్‌ఫ్రాన్సిస్కోకి నీళ్ళు ఇచ్చేది స్ప్రింగ్ వ్యాలీ అనే ప్రైవేటు కంపెనీ. దాని మీద జనానికి చాలా కోపం ఉండేది. 1901లోనే మేయర్ ఫెలన్ హెచ్ హెచ్చీ మీద కన్నేసి దరఖాస్తు పెట్టాడు. నేషనల్ పార్కులో కుదరదని 1903లో కేంద్రం తిప్పికొట్టింది. 1906 ఏప్రిల్ 18న భూకంపం వచ్చింది. మంటలు మూడు రోజులు ఊరిని కాల్చాయి, ఆర్పడానికి నీళ్ళు లేవు. అంతే, అప్పట్నుంచి "మాకు మా సొంత నీళ్ళు కావాలి" అన్న మాటకి ఎదురు చెప్పడం కష్టమైపోయింది.

ఇంజనీర్లం కాబట్టి రూట్ కాజ్ చూద్దాం. ఆ రోజు ఊరి బయట జలాశయాల్లో నీళ్ళున్నాయి. ఊళ్ళో పైపులు పగిలిపోయాయి. 160 మైళ్ళ అవతల ఇంకో ఆనకట్ట ఉండి ఉన్నా ఆ పగిలిన పైపుల్లోంచే కదా రావాలి? అయినా ప్రొడక్షన్ పడిపోయిన మర్నాడు మీటింగులో ఎవరి పాత ప్రపోజల్ సిద్ధంగా ఉంటే అదే పాసవుతుంది. మనం చూడనిదా ఏంటి :)

1908లో కేంద్ర మంత్రి గార్‌ఫీల్డ్ అనుమతి ఇచ్చాడు. దాని మీద దేశమంతా ఐదేళ్ళు కొట్టుకుంది. ఒకపక్క మ్యూర్. ఇంకోపక్క అమెరికా అటవీ శాఖకి మొదటి అధిపతిగా పనిచేసిన గిఫర్డ్ పించో. ఈయనా అడవుల్ని కాపాడినవాడే, మ్యూర్‌కి ఒకప్పటి స్నేహితుడే. ఎక్కువ మందికి ఎక్కువ మేలు జరగాలి, లక్షలమంది తాగునీటి ముందు కొద్దిమంది చూసే అందం నిలవదు అన్నది ఆయన లెక్క. నేషనల్ పార్కులోనే ఆనకట్ట కట్టేస్తే ఇక పార్కు అన్న మాటకి అర్థమేముంది, నీళ్ళకి వేరే నదులు లేవా అన్నది మ్యూర్ వాళ్ళ ప్రశ్న. దేశం నలుమూలల నుంచి కాంగ్రెస్‌కి ఉత్తరాలు వెల్లువెత్తాయి. చివరికి 1913 డిసెంబరులో సెనేట్ 43-25 ఓట్లతో ఒప్పుకుంది. డిసెంబరు 19న విల్సన్ సంతకం పెట్టాడు. ఆ మరుసటి ఏడాది క్రిస్మస్ ముందురోజు మ్యూర్ చనిపోయాడు.

ఇద్దరూ నెగ్గారనే అనాలేమో. ఓషానెస్సీ ఆనకట్ట 1923లో పూర్తయింది, 1938లో ఎత్తు పెంచారు. నీళ్ళు 1934లో బే ఏరియా చేరాయి. దాదాపు 167 మైళ్ళు, ఎక్కడా పంపు లేకుండా కొండవాలు మీదే వస్తాయి. ఎంత శుభ్రమైనవంటే ఫిల్టర్ చేయనక్కర్లేదని మినహాయింపు కూడా ఉంది. ఇంజనీరుగా చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిన పని. ఆ ఓటమి చూసి ఉలిక్కిపడ్డ వాళ్ళ ఒత్తిడి కూడా కలిసి 1916లో నేషనల్ పార్క్ సర్వీస్ పుట్టింది. ఇక "వేరే నదులు లేవా" అన్న ప్రశ్నకి జవాబు 1929లో వచ్చింది. అటు ఓక్లండ్ వైపు ఊళ్ళు మొకలమ్నీ నది మీద పార్డీ ఆనకట్ట కట్టుకుని నీళ్ళు తెచ్చుకున్నాయి. అంటే దారి ఉండేది!

గొడవ అక్కడితో చల్లారలేదు. 1987లో రీగన్ ప్రభుత్వంలోని మంత్రి హోడెల్ ఆనకట్ట తీసేద్దామా అన్నాడు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అసలు దాని మీద ప్రణాళిక వేయడానికే ఓటింగ్ పెడితే 77 శాతం మంది వద్దన్నారు. పర్యావరణం గురించి అంత మాట్లాడే ఊరు కూడా సొంత కుళాయి దగ్గరికొచ్చేసరికి అలాగే అంది. నేను వాళ్ళని తప్పు పట్టను. సుమారు 27 లక్షల మంది తాగే నీళ్ళు అవి.

మనకిది కొత్త కథేం కాదు. నాగార్జునసాగర్ కింద ఉన్నది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికే 1954లో తవ్వకాలు మొదలయ్యాయి. 1960 దాకా ఆరేళ్ళు నీళ్ళతో పందెం వేసినట్టు తవ్వి, దొరికిన వాటిలో కొన్నిటిని కొండమీదికి, కొన్నిటిని అనుపుకి చేర్చి మళ్ళీ నిలబెట్టారు. ఆ కొండే ఇప్పుడు లాంచీలో వెళ్ళి చూసే ద్వీపం. శ్రీశైలం నీళ్ళు తగ్గిన వేసవుల్లో సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం దర్శనానికి వెళ్తారు. మ్యూర్ హెచ్ హెచ్చీ లోయని గుడితో పోల్చి, దాన్ని నీళ్ళ తొట్టి చేస్తారా అని మండిపడ్డాడు. నెహ్రూ ఆనకట్టల్నే కొత్త దేవాలయాలన్నాడు. ఎడమ కాలవ కింద, కుడి కాలవ కింద పండిన వరితో చదువుకుని అమెరికా వచ్చినవాళ్ళు మనలో చాలామంది. ముంపులో ఊళ్ళు పోయిన నిర్వాసితుల పిల్లలూ మనలో ఉన్నారు. ఎవరు ఎటు మాట్లాడతారో ఇంట్లో అడిగి చూడండి.

సరే, వెళ్ళాలనుకుంటే. యోసెమిటీ లోయ నుంచి హెచ్ హెచ్చీకి గంటకు పైగా డ్రైవ్. ఆ రోడ్డు గేటు రాత్రిళ్ళు మూసేస్తారు, వేళలు ముందే చూసుకోండి. ఆనకట్ట మీంచి నడిచి, సొరంగం దాటితే వపామా జలపాతానికి దారి. రానూపోనూ ఐదు మైళ్ళ పైచిలుకు. వసంతంలో నీటి ఉధృతి ఎక్కువగా ఉంటే అక్కడి వంతెనల మీదికి వెళ్ళకండి, ప్రాణాలు పోయిన చోటది. జలాశయంలో ఈత, పడవలు నిషేధం. తాగే నీళ్ళు కదా. ఒంట్లో ఇంకా శక్తి ఉన్న పిల్లలైతే హాఫ్ డోమ్ ఉంది. దాన్ని మనిషి ఎప్పటికీ ఎక్కలేడని సర్వే వాళ్ళు రాసేస్తే, జార్జ్ ఆండర్సన్ 1875లో రాతికి రంధ్రాలు వేసుకుంటూ ఎక్కేశాడు. ఇప్పుడున్న కేబుళ్ళు 1919 నుంచి ఉన్నాయి, పర్మిట్ లాటరీలో రావాలి.

వెళ్ళేముందు ఒక పని చేయండి. ఇంట్లో ఒకరు మ్యూర్ వైపు, ఒకరు పించో వైపు, వీలైతే ఒకరు టెనాయా వైపు చదువుకుని రావాలని పంచేయండి. టెనాయా వైపు వాదించేవాళ్ళకి మిగతా ఇద్దరూ జవాబు చెప్పలేరు, చూస్తూ ఉండండి. కారులో వెళ్ళేటప్పుడు ఎలాగూ నాలుగు గంటలుంటాయి. ఆనకట్ట మీద నిలబడి ఓటు వేయండి: 1913లో మీరు సెనేటరైతే ఏం చేసేవారు? ఇప్పుడైతే తీసేస్తారా?

నేనైతే 1913లో వద్దనేవాణ్ణి, ఇప్పుడు ఉంచమంటాను. ఇది సరైన లాజిక్కేనా అని మీ ఇంట్లో పదిహేడేళ్ళ వాళ్ళు తప్పకుండా అడుగుతారు. అడగనివ్వండి.