కర్ర పెన్ను చరిత్ర – మా సంఘం నేర్చుకున్న పాఠం

ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో పొదుపులు, అప్పులు, రికవరీల గురించి రాసుకుంటాం. ఈసారి మేము ఒక పని చరిత్ర రాస్తున్నాం. అది లేతు మిషను మీద కర్ర పెన్నులు చేసే పని. మన నూజివీడు చుట్టుపక్కల ముసలి మామిడి చెట్లు కొట్టేస్తే ఆ కర్ర పొయ్యిలోకో, పెట్టెల చెక్కలకో పోతోంది. దాంతో పెన్నులు చేద్దాం, మిషనుకు లోను తీసుకుందాం అని మాలో కొందరం అన్నాం, వద్దని కొందరం అన్నాం. ఆ గొడవలోనే ఈ చరిత్ర తెలుసుకున్నాం.

అసలు పెన్ను మన ఆడవాళ్ల చేతికి వచ్చి ఎంతో కాలం కాలేదు. మా అమ్మల్లో చాలామంది వేలిముద్ర వేసినవాళ్లే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ జిల్లాలోనే ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ఈ రోజు మనం మినిట్స్ పుస్తకంలో సంతకం పెడుతున్నామంటే దాని వెనక వాళ్ల కష్టం ఉంది.

ఇక పెన్ను తయారీ సంగతి. మన తెలుగు నేల మీద దీనికి పేరున్న ఊరు రాజమండ్రి. విదేశీ సరుకు వద్దు, మన వస్తువులు మనమే చేసుకుందాం అన్న గాంధీగారి మాట పట్టుకుని కె.వి. రత్నం గారు 1932లో అక్కడ పెన్నుల పని మొదలుపెట్టారు. ఆయన పంపిన పెన్ను గాంధీగారికి చేరింది. దాంతో రాసి చూశాను, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా వాడుకోవచ్చు అనే అర్థంలో గాంధీగారు 1935 జులైలో ఉత్తరం రాశారు. అవి కర్ర పెన్నులు కావు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేతు మీద తిప్పి, ఉలితో చెక్కి, మరలు కోసి, మెరుగుపెట్టి చేసినవి.

కర్రను తిప్పి చెక్కే పని మనకు ఇంకా పాతది. దాన్ని తరిణె పట్టడం అంటారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలు అలా చేసినవే. అంకుడు కర్రను తిప్పుతూ ఉలితో చెక్కుతారు. తిరుగుతుండగానే రంగు లక్కను ఒత్తితే రాపిడి వేడికి కరిగి కర్రను పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆకులు, గింజల రంగులతో ఆ పనిని నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

కర్ర పెన్ను చేసేది కూడా దాదాపు ఇలాగే. బాగా ఆరిన కర్రను వేలెడంత ముక్కగా కోసి, నిలువునా బెజ్జం వేసి, లోపల ఇత్తడి గొట్టం జిగురుతో అతికిస్తారు. జిగురు ఆరాక లేతుకు ఎక్కించి ఉలితో గుండ్రంగా తీస్తారు. ముందు గరుకు కాగితం, తర్వాత సన్న కాగితం పట్టి, చివర కర్ర పోగు వెంట నిలువుగా రుద్దాలి. లేకపోతే గీతలు మిగులుతాయి. ఆ తర్వాత లక్క పాలిష్ పెట్టి, రీఫిల్లు, క్లిప్పు బిగిస్తారు. కొంగు దోపుకుని, జడ ముడి వేసుకుని, కళ్లకు అద్దాలు, ముక్కుకు గుడ్డ పెట్టుకుంటే గాని మిషను దగ్గరికి వెళ్లకూడదు.

పోయినేడాది మాలో ఇద్దరం ఒకచోట ఈ పని నేర్చుకోవడానికి వెళ్లాం. నెల రోజులూ మాకు కాగితం రుద్దడం, పాలిష్ పెట్టడం, డబ్బాల్లో సర్దడమే ఇచ్చారు. ఉలి మగవాళ్ల చేతిలోనే ఉంది. కూలి కూడా ఉలి పట్టినవాళ్లకే ఎక్కువ. తిరిగొచ్చి, చూసి నేర్చుకున్నదే నమ్ముకుని, అద్దె మిషను మీద నలభై పెన్నులు చేశాం. అడితిలో తెచ్చిన మామిడి కర్ర పచ్చిదని తెలియలేదు. ఎండలు ముదిరేసరికి పదకొండు పెన్నులు నిలువునా చీలాయి. కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చాం. ఆ డబ్బు మా పొదుపులోదే. మన నూజివీడులోనే వీణలు చేసేవాళ్లు పనస కర్రను ఆరనిచ్చి గాని పని మొదలుపెట్టరు. పక్కనే ఉన్న ఆ తెలివిని మేము అడగలేదు.

అందుకే లోను ఈ ఏడాది వద్దని తీర్మానం చేశాం. పని వద్దని మాత్రం అనుకోలేదు. మామిడి చెక్కలు కోయించి, చివర్లకు మైనం పూసి, షెడ్డులో నీడన పేర్చాం. అంగుళం మందానికి ఏడాది ఆరాలని పనివాళ్లు చెప్పారు. ఈలోగా ముగ్గురం ఉలి పట్టడం నేర్చుకుంటాం. ఉలి మన చేతిలోకి వచ్చాకే మిషను కొందాం అనుకున్నాం. మీ సంఘాలు ఏ పనికి లోను అడిగినా, ఆ పనిలో డబ్బు ఎక్కడ ఉందో, ఆ చోట మన మనిషి ఉందో లేదో ముందు చూసుకోండి.

చీలిన పెన్నుల్లో ఒకటి మా మినిట్స్ పుస్తకానికి దారంతో కట్టి ఉంచాం. అది ఇంకా రాస్తోంది. ఈ తీర్మానం కింద అందరం దాంతోనే సంతకాలు పెట్టాం.