ధర్మం సొమ్ము ఎక్కడికి పోవాలో ఎవరు చెప్పాలి?



మనలో చాలామందిమి వీలునామాలు రాసుకునే వయసుకు వచ్చాము. పిల్లలకు పోగా కొద్దో గొప్పో ఊరికి విడిచి వెళ్దామనుకునేవారూ మనలో ఉన్నారు. ఇవ్వడం సులువే. ఆ సొమ్ము గుడికి పోవాలా, బడికి పోవాలా, ఆస్పత్రికి పోవాలా అన్నది తేల్చడమే కష్టం. ఈ ప్రశ్నకు మన గోదావరి సీమ పెద్దలు రకరకాల జవాబులు చెప్పారు. గుమస్తాగా ధర్మాదాయ కాగితాలు కొన్ని తిరగేసినవాడిని గనుక, నాకు తెలిసినంతలో ఆ చరిత్ర మనవి చేస్తాను.

మొదటి జవాబు లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారిది. 1841లో పుట్టి 1909లో కాలం చేసిన ఆ తల్లి, ఆకలితో గడప తొక్కినవారికి వేళ చూడకుండా అన్నం పెట్టారు. అక్కడ అర్జీ లేదు, కమిటీ లేదు. ఎవరికి పెట్టాలో ఆకలే తేల్చేది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టడం సముచితం. అయితే ఆ పద్ధతికి ఆమె వంటి మనిషి ఎదుట ఉండాలి. ఆ మనిషి పోయిన తరువాత ఎవరు చూస్తారు?

అందుకు దొరికిన రెండో జవాబు దస్తావేజు. మా సామర్లకోటకు కూతవేటు దూరంలోని పెద్దాపురంలో వత్సవాయ వారి మహారాణి బుచ్చి సీతాయమ్మ గారి సత్రం ఇలాంటిదే. కోరంగి ప్రాంతం నుంచి రంగూను వెళ్లి లక్షలు గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్ గారు 1912లో వీలునామా రాసి, ఆస్తిని ధర్మానికి విడిచి, 1915లో కన్నుమూశారు. కాకినాడలో ఎమ్.ఎస్.ఎన్. పేరుతో నడిచిన విద్యాసంస్థలు ఆ చలవే. ఇక్కడ నిర్ణయం దాతదే. ధర్మకర్త పని ఆ రాత ప్రకారం నడవడమే.

ఇందులో ఒక చిక్కుంది. రాత మారదు, కాలం మారుతుంది. 1890లలో రైలు వచ్చి సామర్లకోట జంక్షన్ అయ్యాక, కాలినడకన పోయే బాటసారులు క్రమంగా తగ్గిపోయారు. ఉద్యోగంలో ఉండగా నేను చూసిన ఒక సత్రం పద్దులో (పేరు అనవసరం) బాటసారులకు బియ్యం, పప్పు, మజ్జిగ ఏటా ఖర్చు పడుతూనే ఉండేవి. ఆ వీధి చివరే పిల్లల బడికి సరైన కప్పు లేదు. డబ్బుంది, అవసరమూ ఉంది, మధ్యలో కాగితం అడ్డం.

ఈ చిక్కు మనకే కాదు. అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకు అధికారి దీనికే మందు వెతికి, 1914లో ఒక ఉమ్మడి నిధి స్థాపించారు. దాతలందరి సొమ్మూ ఒకచోట చేరుతుంది. ఏ ఏటి అవసరం ఏమిటో ఊరి పెద్దల కమిటీ విచారించి తేలుస్తుంది. ఊరి ఉమ్మడి నిధులకు లోకమంతటా అదే తొలి నమూనా. సత్యలింగం గారి వీలునామాకూ దీనికీ రెండేళ్లే తేడా.

కమిటీ పద్ధతి మనకూ కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1906లో రాజమండ్రిలో హితకారిణీ సమాజం స్థాపించి, తన ఆస్తిని దానికి రాసిచ్చారు. పాఠశాల, వితంతు శరణాలయం వంటి పనులు తాను పోయినా ఆగకూడదని వారి కోరిక.

అయితే కమిటీ చెప్పిందల్లా ధర్మమేనా? 1881లో పంతులు గారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. అండగా నిలిచి డబ్బిచ్చినవారు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు. ఆనాడు చేతులెత్తించి ఓట్లు లెక్కపెడితే ఆ పెళ్లికి దమ్మిడీ దొరికేది కాదు. పదిమంది మాట వినాలి నిజమే, కాని నోరులేని ఒక్కరి అవసరం కూడా ఆ కమిటీ చెవిన పడాలి.

మూడో జవాబు ప్రభుత్వం. 1966 నాటి చట్టం స్థానంలో వచ్చిన 1987 దేవాదాయ ధర్మాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని తీసివేసింది. ధర్మం సొమ్ము ఇంటి సొమ్ము కాదని చాటడం మంచిదే. కాని ఫైలు మనకు తెలియనిదా! దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఆఫీసులకూ వర్తిస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షను మాత్రం అందరూ తెలుసుకోదగినది. ప్రజా ధర్మం దారి తప్పితే, అందులో సంబంధమున్న ఇద్దరు కలిసి కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. పాత ఉద్దేశం నెరవేర్చడం సాధ్యం కాని పక్షంలో దాన్ని మార్చే అధికారం కోర్టుకుందని 1976 సవరణలో స్పష్టంగా రాశారు.

ఈ చరిత్ర నుంచి నేను నేర్చుకున్నది మూడు మాటలు. వీలునామాలో వస్తువు కాదు, ఉద్దేశం రాయండి. “ఏటా వంద దుప్పట్లు” అని రాస్తే దుప్పట్లే మిగులుతాయి. “ఊళ్లో దిక్కులేని వృద్ధుల అవసరాలకు” అని రాస్తే రేపు మందులూ కొనవచ్చు. రెండోది, అవసరం తీరిపోతే సొమ్ము ఎటు మళ్లించాలో, ఎవరు మళ్లించాలో అప్పుడే రాయండి. మూడోది, నిర్ణయించేవారిలో ఇచ్చేవారితో పాటు పుచ్చుకునే వర్గంవారు కూడా ఒకరుండాలి. జమాఖర్చులు ఏడాదికోసారి నోటీసు బోర్డు మీద పెట్టాలి.

పెద్దాపురంలో ఆ మహారాణి పేరుతో నేడు కళాశాల కూడా ఉంది. ఒకనాడు బాటసారులకు అన్నంతో ముడిపడిన పేరును ఇప్పుడు పిల్లలు తమ సర్టిఫికెట్ల మీద చూసుకుంటున్నారు. మనం విడిచి వెళ్లేది వెయ్యి రూపాయలే కావచ్చు. కాలంతో పాటు నడిచే వీలు దానికి కల్పించి వెళ్దాము.