గచ్చు, గిలాబా, మా మసీదు కప్పు

పోయిన వానాకాలం ఒకరోజు ఫజర్‌ నమాజుకి వెళ్లేసరికి మా మొహల్లా మసీదులో ముందు సఫ్‌ మీద తెల్లటి పెచ్చులు పగిలి పడి ఉన్నాయి. రాత్రంతా వాన కారి, ఫాల్‌ సీలింగ్‌ పీఓపీ నాని రెండు గజాల మేర ఊడిపడింది. మనుషులు లేని వేళ కాబట్టి సరిపోయింది, అల్‌హందులిల్లా. ముఅజ్జిన్‌ సాబ్‌ ఫోన్‌ లైటు పైకి కొట్టాడు. ఆ రంధ్రంలోంచి పాత కప్పు, దాని అంచున సున్నంతో తీర్చిన పూలతీగ కనిపించింది. పద్దెనిమిదేళ్లుగా ఎవరి కంటా పడనిది.

దాన్ని మూసేసిన వారం 'మసీదుకు కొత్త అందాలు' అని పేపర్లో వార్త రాసింది నేనే. అప్పుడు కొత్త విలేకరిని. పీఓపీ అంటే నా లెక్కలో తరక్కీ.

ఉర్దూ మీడియంలో చదివి తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాడికి ఒక రోగం ఉంటుంది. ప్రతి లఫ్జ్‌నీ పట్టుకుని నీ వతన్‌ ఎక్కడ అని అడుగుతాడు. మన మేస్త్రీలు గోడకి 'గిలాబా' చేస్తారు కదా, అది ఫార్సీ. గిల్‌ అంటే మట్టి, ఆబ్‌ అంటే నీళ్లు. 'గచ్చు' కూడా అక్కడిదే, గచ్‌. తెలుగు ఇళ్లలో ఇది ఎంత కలిసిపోయిందంటే, గచ్చు మీద ముగ్గేసే ఆవిడకి అది ఇరాన్‌ మాట అని చెబితే నవ్వుతుంది. సున్నం, చూనా మాత్రం అక్కాచెల్లెళ్లు. రెండిటికీ తల్లి సంస్కృత చూర్ణం.

తమాషా ఏంటంటే, ఇరాన్‌లో గచ్‌ అంటే సున్నం కాదు, జిప్సం. ఆ రాయిని సుమారు 150 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని నీళ్లలో ముప్పాతిక వంతు ఆవిరైపోతుంది. ఆ పొడిలో మళ్లీ నీళ్లు కలిపితే అరగంటలోపే గట్టిపడుతుంది. పారిస్‌ దగ్గర మోంమార్త్‌ గనుల నుంచి విరివిగా రావడంతో ఫిరంగీలు దానికి ప్లాస్టర్‌ ఆఫ్‌ పారిస్‌ అని పేరు పెట్టుకున్నారు. ఇరానీ ఉస్తాదులు శతాబ్దాల తరబడి మసీదుల మెహ్రాబులు చెక్కింది దీని మీదే. అంటే అసలు గచ్‌ ఈ పీఓపీయే!

మరి దక్కన్‌లో ఆ పేరు సున్నానికి ఎలా వచ్చింది? గోల్కొండ సల్తనత్‌ స్థాపించిన సుల్తాన్‌ కులీ హమదాన్‌ నుంచి వచ్చినవాడు. హైదరాబాద్‌ నఖ్షా గీసినవాడిగా చెప్పే మీర్‌ మోమిన్‌ది అస్త్రాబాద్‌. వాళ్ల వెంట ఫన్‌ వచ్చింది, మాట వచ్చింది. కానీ మన దేశంలో జిప్సం ఎక్కువగా దొరికేది ఇక్కడ కాదు, రాజస్థాన్‌లో. పైగా జిప్సం నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది. ఇస్ఫహాన్‌ ఎండకి నడుస్తుందేమోగానీ మూసీ ఒడ్డు వానలకి బయటి గోడ మీద నిలవదు. అందుకే పేరు ఉంచుకుని సరుకు మార్చుకున్నారని నా ఖయాల్‌.

సున్నం ఫితరత్‌ వేరు. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలుస్తారు. నీళ్లలో నానబెడతారు. ఎడ్లు తిప్పే గానుగలో ఇసుకతో కలిపి నూరుతారు. అదే డంగు సున్నం. బెల్లం, మారేడు గుజ్జు, కోడిగుడ్డు సొన కలపడం ఉత్త కథ కాదు, ఇవాళ్టికీ మరమ్మతుల్లో వాడుతున్నారు. గోడకెక్కాక అది గాలిలోని కార్బన్‌ డయాక్సైడ్‌ని మెల్లగా తీసుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. ఏళ్లు పడుతుంది. సబర్‌ లేనివాళ్ల పని కాదు.

1591లో కట్టిన చార్మినార్‌ మీది పూలు, తోరణాలు ఈ గచ్చే. 2019 మే 1 రాత్రి ఒక మినార్‌ నుంచి పెద్ద పెచ్చు ఊడి పడినప్పుడు నాకు తెలిసినవాళ్లలో సగంమంది రాయి విరిగిందనుకున్నారు. సంతోష్‌నగర్‌ దగ్గరి పాయిగా సమాధుల్లో అయితే జాలీల నమూనాలు ఒకదానిలా ఒకటి ఉండవు. చూడనివాళ్లు ఒక ఆదివారం వెళ్లండి. గచ్చిబౌలి పేరు కూడా గచ్చు చేసిన బావి నుంచే వచ్చిందంటారు. అక్కడి అద్దాల మేడల్లో ఇప్పుడు తలెత్తితే కనిపించేది జిప్సం బోర్డు.

మన పాత గోడలకి ఎక్కువ దెబ్బ కొట్టింది పీఓపీ కూడా కాదు, సిమెంటు. సున్నపు గోడ తేమని పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఇరుక్కుని, ఉప్పు పొంగి, పెచ్చులుగా లేస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన మరమ్మతుల్లో ఆగాఖాన్‌ ట్రస్టువాళ్లు ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటుని గీకి తీసి మళ్లీ సున్నమే వేయించారు.

ఈ ముచ్చటంతా మా కమిటీ మీటింగులో చెప్పాను. "భాయ్‌, మీరే కదా అప్పుడు పేపర్లో తారీఫ్‌ రాసింది?" అన్నాడు ఒక పెద్దమనిషి. జవాబు లేదు. పీఓపీ అయితే పది రోజుల పని, సున్నం అయితే నెలలు, ఖర్చు రెట్టింపు. చందాలిచ్చేవాళ్లు ఆటోలు నడిపేవాళ్లు, పండ్ల బండ్లవాళ్లు. వాళ్లని తప్పు పట్టలేను.

చివరికి డెబ్బై దాటిన ఒక ఉస్తాద్‌ని పిలిపించాం. ఆయన నిచ్చెనెక్కి, వేలి కణుపుతో కప్పు అంతా తడుతూ చెవి పెట్టి విన్నాడు. డొల్లగా మోగినచోట బొగ్గుతో గీత పెట్టాడు. పదకొండు గీతలు. "బాకీదంతా జిందా ఉంది బేటా" అని దిగాడు. తన ఇద్దరు కొడుకులూ ఫాల్‌ సీలింగ్‌ పనే చేస్తారని చాయ్‌ తాగుతూ చెప్పాడు.

కమిటీ ఒక్క మెహ్రాబ్‌కి ఒప్పుకుంది, నమూనాగా. అది నిలబడితే మిగతాది చూద్దామన్నారు. మసీదు వెనక గుంటలో సున్నం నానుతోంది. నీళ్లు తగ్గకుండా చూసే పని నాకప్పగించారు. ఫజర్‌ అయ్యాక రోజూ రెండు బకెట్లు పోసి వస్తున్నాను.