ముదునూరు నాస్తిక కేంద్రం

ముదునూరు నాస్తిక కేంద్రం కృష్ణా డెల్టాలో 1940 నుంచి 1947 వరకు సాగిన సామూహిక జీవన ప్రయోగం. గోరాగా పేరొందిన గోపరాజు రామచంద్రరావు (1902–1975), ఆయన భార్య సరస్వతి (1912–2006) దీన్ని కృష్ణా జిల్లా ఉయ్యూరు సమీపంలోని ముదునూరులో స్థాపించారు.

నేపథ్యం

గోరా వృక్షశాస్త్ర అధ్యాపకుడు. దేవుడి భావన మీద రాసిన వ్యాసం కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోయింది. ఆ తర్వాత మచిలీపట్నం హిందూ కళాశాలలో చేరారు. నాస్తిక భావాల వల్ల అక్కడా కొలువు నిలవలేదు. అప్పుడు ముదునూరు గ్రామస్థులు రమ్మన్నారు. 1940 ఆగస్టులో దంపతులు పిల్లలతో సహా ఊరు చేరారు.

జీవన విధానం

అమెరికాలో రాబర్ట్ ఓవెన్ 1825లో ప్రారంభించిన న్యూ హార్మనీ లాంటి ప్రయోగాలు సమాజానికి ఎడంగా కొత్త లోకాన్ని కట్టుకోవాలనుకున్నాయి. ముదునూరు కేంద్రం ఊళ్లోనే, ఊరివాళ్లతోనే బతికింది. వయోజన విద్య, మూఢనమ్మకాల ఖండన, అంటరానితనం నిర్మూలన దాని నిత్యకృత్యాలు.

ప్రతి పౌర్ణమి రాత్రి సహపంక్తి భోజనం ఉండేది. ఆతిథ్యమిచ్చే దాత ఎవరూ లేరు. వచ్చినవారు తలా ఒక అణా ఇచ్చేవారు. విందు జరిగే చోటు మారుతూ ఉండేది. వేర్వేరు కులాలవారు ఒకే వరసలో కూర్చుని సాదా భోజనం చేసేవారు. పక్కన కూర్చుని తినడమే పాపమనుకునే రోజుల్లో ఆ అణా భోజనం పెద్ద సాహసం. మొదటిసారి ఆ పంక్తిలో కూర్చున్నవాళ్లు ఇంటికెళ్లి తమవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.

1942 క్విట్ ఇండియా ఉద్యమంలో కేంద్రం సభ్యులు జైలుకు వెళ్లారు. సరస్వతి చంటిబిడ్డతోనే వెళ్లారు. 1944లో గోరా సేవాగ్రాంలో గాంధీని కలిసి తమ పని గురించి చర్చించారు. తమ పెద్ద కుమార్తె మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయించగా, గాంధీ దాన్ని తన ఆశ్రమంలో జరిపించడానికి ఒప్పుకున్నారు. ఆయన మరణానంతరం 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రాంలోనే జరిగింది.

తరలింపు, ప్రభావం

1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు కార్యకర్తలు మళ్లీ డెల్టా పల్లెలకు వెళ్లి సహాయ, పునరావాస పనులు చేశారు. ముదునూరులో కేంద్రం ఉన్నది ఏడేళ్లే. కానీ ఈ ప్రయోగాన్ని కొలవాల్సింది ఏళ్లతో కాదు, ఆ పంక్తిలో పక్కపక్కన కూర్చున్న మనుషులతో. నాస్తిక కేంద్రం నేటికీ విజయవాడలో పనిచేస్తోంది.