ఖుర్‌ఆన్‌ను వెలుపలి నుండి చదివినవారు: ఒక చారిత్రక పరిశీలన

హజ్ కాలం దగ్గర పడుతున్నది. అరేబియా నలుమూలల నుండి యాత్రికులు మక్కాకు వస్తారు. ముహమ్మదును గూర్చి వారు అడిగితే ఏమని చెప్పాలి? ఈ ప్రశ్నతో ఖురైషు పెద్దలు వలీద్ ఇబ్న్ అల్ ముగీరా చుట్టూ చేరారని ఇబ్న్ ఇస్‌హాఖ్ రచించిన ప్రవక్త జీవితచరిత్ర తెలుపుతున్నది. తలా ఒక మాట చెబితే ఎవరూ నమ్మరు గనుక అందరూ ఒకే మాట మీద ఉండాలన్నాడు వలీదు. సోదెగాడని చెబుదామా అన్నారు. సోదెగాండ్ర గొణుగుడు నేనెరుగుదును, ఇది అది కాదన్నాడు. పిచ్చివాడందామా? ఆ లక్షణాలు అతనిలో లేవు. పోనీ, కవి అందామా? కవిత్వంలోని అన్ని ఛందస్సులూ మనకు తెలిసినవే, ఇది వాటిలో దేనికీ చెందదు. పైగా ఆ పలుకులలో తీపి ఉన్నదని, దాని వేరు ఖర్జూరపు చెట్టు వేరు వంటిదని కూడా ఒప్పుకున్నాడు. అయినా యాత్రికులకు చెప్పడానికి ఏదో ఒక మాట కావాలి. మనిషిని తండ్రి నుండి, సోదరుని నుండి, భార్య నుండి వేరుచేసే మాటలు ఇవి గనుక "మాంత్రికుడు" అన్నదే దగ్గరి మాట అని చివరకు తేల్చాడు.

ఇబ్న్ ఇస్‌హాఖ్ మరణించినది క్రీ.శ. 767 ప్రాంతంలో. జరిగిందని చెప్పబడుతున్న కాలానికి శతాబ్దం దాటిన తరువాత వ్రాయబడిన వృత్తాంతమిది. చరిత్ర విద్యార్థి దీనిని అక్షరాలా స్వీకరించనక్కరలేదు. అయితే ఇస్లామీయ సంప్రదాయం తానే భద్రపరచుకొన్న ఈ కథలో ఖుర్‌ఆన్ శైలిని గూర్చిన మొదటి విమర్శ ఒక అవిశ్వాసి నోట వెలువడింది. ఆయన బాగా విన్నాడు. విన్నదానికి సరిపోయే పేరు తన భాషలో దొరకలేదు. దారిలో నిలబడి యాత్రికులకు చెప్పడానికి వీలైన పేరును ఎంచుకున్నాడు.

ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది వలీదు తరువాత అదే స్థానంలో నిలబడిన చదువరులను, ముఖ్యంగా మన క్రైస్తవ పూర్వికులను. ఆ గ్రంథాన్ని దేవుని వాక్కుగా అంగీకరించకుండానే దానిని చదవడం ఎలా? వారి అనుభవం మన సేవకులకు ఏమైనా నేర్పుతుందా?

లాటిన్ క్రైస్తవ లోకంలో ఖుర్‌ఆన్ సంపూర్ణ అనువాదం మొదట 1143లో పూర్తయింది. క్లూనీ మఠాధిపతి పీటర్ 1142లో స్పెయిను వెళ్ళి, ఆయుధాలతో కాక మాటలతో ముస్లింలను ఎదుర్కోవాలంటే ముందు వారి గ్రంథం తెలియాలని తలచి, డబ్బిచ్చి ఆ పని చేయించాడు. అనువదించిన కెట్టన్ రాబర్టుకు అసలు ఆసక్తి ఖగోళ శాస్త్రం, గణితం మీద. ఆయన వచనాలను కలిపివేశాడు, దీర్ఘ సూరాలను విడగొట్టాడు, వాక్యాలను ఉన్నత లాటిన్ శైలిలోకి సాగదీశాడు. అందుచేత చాలాకాలం పండితులు ఆ అనువాదాన్ని తేలికగా తీసిపారేశారు. అయితే రాబర్టు క్లిష్టమైన చోట్ల ముస్లిం వ్యాఖ్యాతల అభిప్రాయాలను తన అనువాదంలోనే కలుపుకొన్నాడని థామస్ బర్మన్ 2007లో వెలువడిన తన గ్రంథంలో చూపించారు. ఖండించడానికి తెప్పించిన పుస్తకమే అది. శీర్షికలోనే ముహమ్మదును అబద్ధ ప్రవక్త అని పిలిచింది. లోపల మాత్రం అనువాదకుడు ముస్లిం గురువుల పాదాల వద్ద కూర్చున్నాడు. ఈ వైరుధ్యం మాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది.

తరువాతి శతాబ్దపు చివరలో డొమినికన్ సన్యాసి రికోల్డో బాగ్దాదులో నివసించి అరబ్బీ నేర్చుకున్నాడు. ముస్లింల ప్రార్థనాసక్తిని, అతిథి మర్యాదను మెచ్చుకున్నాడు. వారి గ్రంథం మీద మాత్రం ఖండన వ్రాశాడు. అందులో ఒక వాదం మన దృష్టికి ముఖ్యం: ఖుర్‌ఆన్ లయబద్ధంగా, ప్రాసలతో ఉన్నది, దేవుని ధర్మశాస్త్రం అలా ఉండదు, కాబట్టి అది దేవునిది కాదు! కీర్తనలు, యోబు గ్రంథం ఛందస్సులో ఉన్నాయని జెరోము ఎన్నడో చెప్పిన సంగతి ఆయనకు ఆ క్షణంలో గుర్తు రాలేదు కాబోలు. శైలిని చెవులారా విన్నవాడు కూడా దానిని అభియోగంగానే నమోదు చేశాడు.

రికోల్డో ఖండనను 1542లో జర్మన్ భాషలోకి తెచ్చినది మార్టిన్ లూథరే. అదే సంవత్సరం బాసెల్ నగరంలో ఒపొరీనస్ అనే ముద్రాపకుడు రాబర్టు అనువాదాన్ని అచ్చువేయబోగా నగర సభ ప్రతులను పట్టుకొని ఆయనను చెరసాలలో పెట్టింది. లూథరు ఆ సభకు ఉత్తరం వ్రాసి, పుస్తకాన్ని దాచిపెట్టడం కంటె బయటపెట్టడమే ముస్లింలకు ఎక్కువ నష్టమని వాదించాడు. 1543లో బిబ్లియాండర్ సంపాదకత్వంలో, లూథరు ముందుమాటతో అది వెలువడింది. ఉద్దేశం స్నేహం కాదు. ఫలితంగా మాత్రం ఐరోపాలో ఎవరైనా కొని చదువుకోగల ఖుర్‌ఆన్ మొదటిసారి లభ్యమైంది.

అరబ్బీ నుండి నేరుగా చేసిన జార్జ్ సేల్ ఇంగ్లీషు అనువాదం 1734లో వచ్చింది. ఆయన మర్రాచ్చి 1698లో ప్రచురించిన లాటిన్ అనువాదం మీద చాలా ఆధారపడ్డాడు గాని, మర్రాచ్చి కోపాన్ని మాత్రం తెచ్చుకోలేదు. ఈ సేల్ పుస్తకమే 1840లో థామస్ కార్లైల్ చేతిలో ఉన్నది. ముహమ్మదు వంచకుడు కాడని, నిజాయితీపరుడని లండన్ సభలో ధైర్యంగా చెప్పిన కార్లైలే ఖుర్‌ఆన్ చదవడం మహా విసుగని, కర్తవ్యబుద్ధి లేనిదే ఏ ఐరోపావాడూ దానిని చివరిదాకా చదవలేడని కూడా అన్నాడు. ఆయనకు అరబ్బీ రాదు. పోతన పద్యాన్ని ఇంగ్లీషు వచనంలో చదివి ఇందులో ఏముందని అడిగిన దొరను మనం ఎలా చూస్తామో, అరబ్బు ముస్లిం కార్లైల్‌ను అలాగే చూడవచ్చు. ఖుర్‌ఆన్ అన్న పేరుకే పఠనం అని అర్థం. అది మొదట కంటికి కాక చెవికి ఇవ్వబడిన గ్రంథం. ముఖ్యంగా మక్కా కాలపు చిన్న సూరాలలో ప్రతి వచనం చివర అంత్యప్రాస మోగుతుంది. విషయం మారితే ప్రాస కూడా మారుతుంది. జర్మన్ కవి ర్యూకెర్ట్ ఈ సంగతి గ్రహించి ప్రాసతో అనువదించాడు. ఆయన మరణించిన 22 సంవత్సరాలకు, 1888లో అది అచ్చయింది. ఇంగ్లీషులో ఆ లయ కోసం గట్టిగా ప్రయత్నించినది కేంబ్రిడ్జి పండితుడు ఆర్బెరీ, 1955లో.

ఈలోగా నోల్డెకే 1860లో సూరాలను కాలక్రమంలో, మక్కాకు చెందిన మూడు దశలుగా, ఆపైన మదీనా దశగా అమర్చాడు. చరిత్రకు అది మేలు చేసింది. అయితే సూరాను ముక్కలుగా చూసే అలవాటు కూడా దానితో బలపడింది. 1981లో అంగెలికా నోయ్‌విర్త్ మక్కా సూరాలను ఒక్కొక్కటి పూర్తి రచనగా తీసుకొని, వాటి నిర్మాణాన్ని పరిశీలించారు. మనకు బాగా తెలిసిన, మనలను నొప్పించే 112వ సూరాను గూర్చి ఆమె చూపిన సంగతి చూడండి. నాలుగే వచనాలు. దేవుడు ఒక్కడని చెప్పే చోట అరబ్బీ వ్యాకరణానికి కాస్త వింతగా "అహద్" అన్న పదం వస్తుంది. ద్వితీయోపదేశకాండము 6:4లోని హెబ్రీ పదం "ఎహాద్". దేవుడు కనలేదు, కనబడలేదు అన్న తరువాతి మాటలలో నీకయ విశ్వాస ప్రమాణానికి ఎదురు పలుకు వినబడుతుంది. అంటే ఆ చిన్న సూరా సమాజమందిరంతో గొంతు కలుపుతూ, మన సంఘంతో వాదిస్తున్నది. మన తలుపు దగ్గర నిలబడి మనతో మాట్లాడుతున్నవాని మాట అది. అంగీకరించకపోయినా వినవలసినదే గదా.

అన్నింటికంటె ఎక్కువగా మన పాఠకులకు ఉపకరించేది 12వ సూరా, యోసేపు చరిత్ర. ఖుర్‌ఆన్‌లో ఒక ప్రవక్త కథ మొదటి నుండి చివరి వరకు ఒకే చోట సాగేది ఇక్కడే. మొత్తం 111 వచనాలు. ఆదికాండము 37 నుండి 50 వరకు చదివి దీని దగ్గరకు వచ్చే క్రైస్తవుడు సాధారణంగా తేడాలను తప్పులుగా లెక్కపెడతాడు. కాసేపు ఆ లెక్క ఆపి చూద్దాం. ఆదికాండములో కలలు రెండు, యోసేపు వాటిని అన్నలకే చెబుతాడు. రెండవ దానికి తండ్రి గద్దిస్తాడు. ఖుర్‌ఆన్‌లో కల ఒక్కటే, అది తండ్రికి మాత్రమే చెబుతాడు, అన్నలకు చెప్పవద్దని తండ్రే హెచ్చరిస్తాడు. అంటే ఈ యాకోబుకు మొదటి నుండే ఏదో తెలుసు. కొడుకును తోడేలు తింటుందేమోనని భయపడుతున్నానని ఆయనే అంటాడు. సాయంత్రం ఏడ్చుకుంటూ వచ్చిన అన్నలు అదే తోడేలును సాకుగా చెబుతారు.

ఇక చొక్కా సంగతి. మన నిలువుటంగీ మేక రక్తంలో ముంచబడింది. తరువాత పోతీఫరు భార్య చేతిలో చిక్కిన వస్త్రం యోసేపుకు విరోధంగా సాక్ష్యమిచ్చింది. ఖుర్‌ఆన్ ఈ దారాన్ని పట్టుకొని కథ చివరిదాకా లాగింది. మొదటిసారి చొక్కా మీద అబద్ధపు రక్తం. రెండవసారి అది వెనుక నుండి చిరిగింది గనుక యోసేపు నిర్దోషి అని తేలింది. మూడవసారి దుఃఖంతో చూపు పోయిన తండ్రి ముఖం మీద అతని చొక్కా వేయగా చూపు తిరిగి వచ్చింది. అబద్ధం చెప్పిన వస్త్రమే నిజం చెప్పి, చివరకు స్వస్థపరచింది. ముస్తన్‌సిర్ మీర్ 1986లో ప్రచురించిన వ్యాసంలో ఈ సూరా కథనం మొదట వేసిన ముడులను తలకిందుల వరుసలో విప్పుకుంటూ వస్తుందని చూపారు. ముక్కల పోగు అన్న పాత నిందకు ఇది ఒక జవాబు.

ఇంతవరకు చెప్పినదానికి ఒక అభ్యంతరం మన ఇంటిలో నుండే వస్తుంది. బైబిలును సాహిత్యంగా మెచ్చుకొనేవారి మీద 1935లో టి. ఎస్. ఎలియట్ విసుక్కున్నాడు. బైబిలు ఇంగ్లీషు సాహిత్యాన్ని ప్రభావితం చేసినది సాహిత్యమై కాదు, దేవుని వాక్యంగా ఎంచబడినందువల్లనే అన్నాడు. యెషయాను మంచి కవి అని భుజం తట్టి వెళ్ళిపోయేవానిని మనం ఒప్పుకోము. అలాంటప్పుడు ముస్లిం పొరుగువాని గ్రంథాన్ని అదే విధంగా మెచ్చుకొని తప్పుకోవడం న్యాయమా? తాను కవిత్వం కాదని ఖుర్‌ఆన్ స్వయంగా చెప్పుకుంటుంది. దాని వంటిదొకటి తెచ్చి చూపమని సవాలు చేస్తుంది. ముస్లింలలోనూ ఈ చదువు సులువుగా సాగలేదు. 1947లో కైరో విశ్వవిద్యాలయంలో ముహమ్మద్ అహ్మద్ ఖలఫల్లా ఖుర్‌ఆన్ కథలలోని కళను గూర్చి సిద్ధాంత వ్యాసం సమర్పించగా అది తిరస్కరించబడింది. మార్గదర్శకుడైన అమీన్ అల్ ఖూలీ కూడా ఆ వివాదంలో నలిగాడు.

సిలువను గూర్చిన 4:157 వద్ద కూడా సాహిత్య పఠనం మనకు తేలిక దారి చూపదు. ఆ వచనానికి ముందు వెనుకలు చూస్తే అది క్రైస్తవుల మీద కాక, మెస్సీయను తామే చంపామని గొప్పలు చెప్పుకొన్నవారి మీద నేరారోపణల జాబితాలో వస్తుందని తెలుస్తుంది. ఇది తెలియడం మంచిదే. అయినా ఆ వాక్యం అక్కడే ఉంటుంది, మన సువార్త కేంద్రాన్ని తాకుతూనే ఉంటుంది. ముస్లింల మధ్య జీవితకాలం గడిపిన ఆంగ్లికన్ బిషప్ కెన్నెత్ క్రాగ్ (మరణం 2012) ఈ భేదాన్ని ఏనాడూ దాచలేదు. దానితోపాటే ఖుర్‌ఆన్‌ను శ్రద్ధగా, ఆరాధనలో ఉన్న మనిషి పుస్తకంగా చదవడమూ మానలేదు. మాకు ఆయన మార్గమే సమ్మతం.

తెలుగువారికి ఈ గ్రంథాన్ని తొలినాళ్ళలో అందించినవాడు కూడా వెలుపలివాడే. అనంతపురం కళాశాలలో తెలుగు బోధించి, 1937లో ఆంధ్ర భాషా చరిత్రము ప్రచురించిన చిలుకూరి నారాయణరావు గారు ఖుర్‌ఆన్‌ను తెనిగించారు. ఆయన హిందువు, భాషా పరిశోధకుడు. లాహోరులో 1930లో ఆరంభమైన హెన్రీ మార్టిన్ సంస్థ తరువాత హైదరాబాదుకు చేరి ఇస్లాం అధ్యయనానికి క్రైస్తవ వేదికగా నిలిచింది. ఇన్ని సౌకర్యాలున్నా మా విద్యార్థి దశలో మాకు అందినది ఒక చిన్న కరపత్రం. ముప్పై నలభై వచనాల ముక్కలు, ఒక్కొక్కదాని క్రింద ఒక్క వాక్యంలో ఖండన. దానిని పట్టుకొని ఒక ముస్లిం దుకాణదారునితో వాదించబోయాము. ఆయన శాంతంగా, "అయ్యగారూ, దీని ముందు వచనం ఏమిటి?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

ఆ తరువాత చాలా ఏండ్లకు రెండవ సంవత్సరం తరగతిలో ఆదికాండము 37 నుండి 50 వరకు, 12వ సూరాను తెలుగులో ప్రక్కప్రక్కన ఉంచి బిగ్గరగా చదివించాము. చదవడం పూర్తయ్యాక ఒక విద్యార్థి, "మరి యూదా ప్రసంగం ఏదండీ?" అని అడిగాడు. ఆదికాండము 44వ అధ్యాయంలో యూదా తమ్మునికి బదులు తానే దాసునిగా ఉంటానని బ్రతిమాలే మాటలు 18 నుండి 34 వరకు, పదిహేడు వచనాలు. సూరాలో వెదికితే 78వ వచనంలో దొరికింది: మాలో ఒకనిని అతనికి బదులుగా తీసుకోమని అన్నలందరూ కలిసి అనే ఒక్క మాట. పేరు లేదు, ప్రసంగం లేదు. ఆ కథలో భారం మోసేది ఓర్పుతో కనిపెట్టుకొని ఉన్న తండ్రి. మన కథలో ఆ భారం ఒకప్పుడు తమ్ముని అమ్మజూపిన అన్న మీద పడింది. ఎందుకలా? ఎన్నో సంవత్సరాలుగా ఆదికాండము బోధిస్తున్నా ఈ ప్రశ్న మా తరగతిలో ఎవరూ అడిగి ఉండలేదు. ఆ రోజు మిగిలిన గంటా 44వ అధ్యాయంతోనే గడిచింది.