సూరత్ అంగడి వీధులలో ఒక ఫ్రెంచి యాత్రికుడు

పదిహేడవ శతాబ్దంలో మొగల్ సామ్రాజ్యానికి పశ్చిమ ద్వారం తపతీ తీరాన వెలసిన సూరత్ నగరం. మక్కాకు పయనమయ్యే యాత్రికులు, అరబ్బు, పారశీక, ఆర్మేనియన్ వర్తకులు, ఐరోపా కంపెనీల ఉద్యోగులు ఈ రేవు మీదుగానే రాకపోకలు సాగించేవారు. ఫ్రెంచి యాత్రికుడు జాఁ ద తెవెనో 1666 జనవరిలో ఇక్కడ అడుగుపెట్టాడు. శివాజీ సేనలు నగరాన్ని కొల్లగొట్టి అప్పటికి రెండేళ్లు. ఆయన మరణానంతరం 1684లో వెలువడిన యాత్రాకథనంలో, గాయపడి తేరుకొంటున్న ఒక మహావిపణి కనిపిస్తుంది.

పడవ దిగిన పరదేశికి మొదటి మజిలీ 'ఫుర్జా' అనబడే సుంకశాల. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి తలపాగా, నడికట్టు, పాదరక్షలు సైతం విప్పించి వెదకేవారు. బంగారం, ముత్యాలు, రత్నాలు దాచి తెచ్చేవారు ఎక్కువ కావడమే ఇందుకు కారణం. విదేశీ నాణేలను టంకశాలకు చేర్చి రూపాయలుగా మార్పించుకోవలసి ఉండేది. నేటి విమానాశ్రయాలలో తనిఖీకి విసుగుచెందేవారికి ఈ వర్ణన కొంత ఊరట కలిగించవచ్చు!

సుంకశాల దాటితే కోట, దాని ఎదుట మైదానం, ఆపై అంగడి వీధులు. పోర్చుగీసుల దాడులకు అడ్డుగా 1546లో పూర్తయిన ఆ కోట 1664లో నగరానికి అక్కరకు రాలేదు. పాలకుడు ఇనాయత్ ఖాన్ అందులో తలదాచుకోగా, వర్తకుల ఇళ్లు దోపిడికి గురై తగులబడ్డాయి. తెవెనో వచ్చేనాటికి శిథిలమైన మట్టి ప్రాకారం స్థానంలో ఇటుక గోడ లేస్తున్నది. కలప దమన్ నుండి సముద్రం మీదుగా రావలసినందున మంచి ఇల్లు కట్టడం ఎంతో ఖర్చుతో కూడిన పని. సామాన్యులవి వెదురుతో, తాటాకులతో కట్టిన ఇళ్లు.

గోడ పూర్తికాకముందే అంగడి ఎలా కోలుకొన్నది? ఔరంగజేబు ఒక సంవత్సరంపాటు సుంకం మాఫీ చేసిన మాట నిజమే. అయితే అసలు బలం సరాఫులదని చెప్పాలి. ఇల్లు, సరకు దోపిడి పాలైన వీర్జీ వోరాను రెండేళ్ల తరువాత కూడా తెవెనో అపార ధనవంతుడుగానే పేర్కొన్నాడు. ఆయన తన మిత్రుడని సగర్వంగా చెప్పుకొన్నాడు కూడా. దోపిడి చేసేవాడు నగదును పట్టుకుపోగలడు గాని, దూరదేశాలలో తన హుండీకి ఉన్న పరపతిని పట్టుకుపోలేడు. అదే కాలపు రత్నాల వర్తకుడు టావెర్నియర్ ఆ పరపతికి ధర కూడా నమోదు చేశాడు. సూరత్‌లో చెల్లే హుండీపై అహమ్మదాబాదులో నూటికి 1 నుండి 1½, బుర్హాన్‌పూర్‌లో 2½ నుండి 3, గోల్కొండలో 4 నుండి 5, ఢాకాలో 10 వరకు వసూలు చేసేవారట. సరకు దారిలో దోపిడికి గురైతే హుండీ సొమ్ము కూడా పోయినట్లే కనుక, ఈ అంకెలలో వడ్డీతోపాటు దారిభయం కూడా కలిసి ఉన్నది. మొగల్ సామ్రాజ్యంలో ఏ దారి ఎంత క్షేమమో తెలుసుకొనడానికి ఏ ఫర్మానాకన్నా ఈ పట్టికే నమ్మదగినది.

తెవెనో సూరత్ నుండి ఔరంగాబాదు, ఎల్లోరా, ఇందల్వాయి మార్గాన గోల్కొండకు, అక్కడినుండి మచిలీపట్నానికి వెళ్లాడు. ఆ దారికి ఎదురుగా ఇరవయ్యవ శతాబ్దంలో తెలంగాణ పద్మశాలీలు సూరత్ మరమగ్గాలను వెదుక్కుంటూ వెళ్లారు. లింబాయత్ ప్రాంతంలో స్థిరపడ్డారు. నాటి అంగడి కట్టడాలలో మిగిలినవాటిలో ముఖ్యమైనది, షాజహాన్ కాలంలో 1644లో బాటసారుల కోసం కట్టిన మొగల్‌సరాయి. 1867లో పురపాలక కార్యాలయం అందులోకి మారింది. వాడుకలో ఉన్నందువల్లనే ఆ కట్టడం నిలిచిందనడంలో సందేహం లేదు. ఆ సంస్థ నడిపే పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, ఒడియా మాధ్యమాల సరసన తెలుగు మాధ్యమం కూడా ఉన్నది.